మూడో వంటకం దగ్గర మూసేసిన పుస్తకం

రిటైరైనవాళ్ళకు మొక్కలు బహుమతిగా ఇవ్వకూడదని ఎవరైనా ఒక నియమం పెడితే బాగుండును. నాకు ఇచ్చిన మొక్క నాలుగేళ్ళుగా మా స్కార్‌బరో అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పెరగదు, పూయదు, చావదు. వారం రోజులు నీళ్ళు పోయకపోతే రెండు ఆకులు పసుపుపచ్చగా చేసుకుని, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు వాళ్ళవైపు తిరుగుతుంది. ఎక్కడికైనా వెళ్ళాలంటే పక్క ఫ్లాటావిడకు తాళం చెవి ఇచ్చి, బతిమాలి వెళ్ళాలి. ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి సంపాదించుకున్న స్వేచ్ఛను తీసుకెళ్ళి ఒక కుండీలో పాతిపెట్టారు.

మొక్కతోపాటు ఒక కార్డు కూడా ఇచ్చారు. “ముప్ఫై నాలుగేళ్ళు, ఒక్క తప్పు కూడా లేకుండా” అని ఇంగ్లీషులో అందంగా అచ్చు వేయించారు. కింద ఇరవై రెండు సంతకాలు. ఉండవలసిన ఇరవై మూడోది లేదు. ఆ లేని సంతకం గురించే ఈ రాత.

ఈమధ్య కెనడా వచ్చి చదువుకుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఉద్యోగంలో ఎలా పైకి రావాలో మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క రూలూ తప్పకుండా ఒక మనిషికి అన్యాయం ఎలా చెయ్యవచ్చో చెప్పేవాళ్ళు తక్కువ. అందులో నాకు కాస్త అనుభవం ఉంది.

ఒంటారియోలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పుస్తకాల విభాగంలో నేను కేటలాగర్‌గా పనిచేశాను. ఊరు పేరు చెబితే విశ్వవిద్యాలయం పేరు చెప్పినట్టే కాబట్టి రెండూ చెప్పను. కేటలాగర్ అంటే పుస్తకాలు చదివేవాడనుకుంటారు మా బంధువులు. చదివితే ఉద్యోగం పోతుంది. ఎన్ని ఆకులు, ఏ కాగితం, ఎవరు రాశారు, దేని గురించి అని నాలుగు వాక్యాలు రాసి తరవాతి పుస్తకం అందుకోవాలి. ఆ నాలుగు వాక్యాలే ప్రపంచానికి ఆ పుస్తకం. అందులో లేనిది పుస్తకంలో ఉన్నా లేనట్టే, ఎందుకంటే దాన్ని వెతికేవాళ్ళు అక్కడిదాకా రారు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నా బల్ల మీదికి ఒక చేతిరాత పుస్తకం వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఒక చిన్న ఊరి చర్చి ఫాదరీ తన ప్రసంగాల కోసం రాసుకున్న పుస్తకం. ఆ రోజుల్లో కాగితం పిరెం. మొగుడు ముందు నుంచి రాసుకుంటే, పెళ్ళాం అదే పుస్తకాన్ని తిరగేసి, తలకిందులు చేసి, వెనక నుంచి మొదలుపెట్టేది. ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుసుకునేవారు, లేదా కలుసుకునేవారు కాదు. నేను ఫాదరీ గారి ప్రసంగాలు ఓపిగ్గా లెక్కపెట్టాను. తరవాత పుస్తకం తిరగేశాను. మొదటిది దగ్గుకు కషాయం. రెండోది బేరిపళ్ళు చలికాలమంతా నిలవుంచే పద్ధతి. మూడోది సిరా తయారీ. అప్పటికి పన్నెండయింది. నా డబ్బాలో పులిహోర ఉంది. “వెనక వైపు నుంచి, ఇంటి వంటకాలు, చిట్కాలు” అని రాసి పుస్తకం మూసేశాను.

అలా మూసిన పుస్తకం ముప్ఫై రెండేళ్ళు తెరవలేదు.

ఇక మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఏళ్ళు వచ్చాయి. ఒకప్పుడు ఆ ఊళ్ళో బస్సులో తెలుగు వినబడితే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. తరవాత్తరవాత తెలుగు వినబడకుండా ఒక్క స్టాపు దాటితే తిరిగి చూడవలసి వచ్చింది. గ్రంథాలయం మెట్ల మీద కరీంనగర్, గుంటూరు, కడప పక్కపక్కనే కూర్చుని సమోసాలు పంచుకునేవి. బేస్‌మెంట్ అద్దెలు, వర్క్ పర్మిట్ ముగిసే తేదీలు, వేర్‌హౌస్ షిఫ్టులు, ఇవే మాటలు. నా ముఖం చూసి ఎవరైనా “అంకుల్, మీరు తెలుగా?” అని అడుగుతారేమోనని నేను లిఫ్టులో వెళ్ళేవాణ్ణి. దాన్ని ఇప్పుడు సిగ్గుతో చెబుతున్నాననుకోకండి, మోకాళ్ళు కూడా బాగుండేవి కావు.

పాత పుస్తకాలన్నీ ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టాలని పైవాళ్ళు నిర్ణయించి, ఒక విద్యార్థినిని పార్ట్‌టైమ్‌గా నా దగ్గరికి పంపారు. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, హన్మకొండ నుంచి వచ్చింది. చదువుతున్నది డేటా అనలిటిక్స్. మొదటి రోజే అడిగాను, ఈ పని ఎందుకు ఎంచుకున్నావని.

“నేను ఎం.ఏ. ఇంగ్లీష్ సార్. ఇంగ్లీష్ చదవనీకి కెనడా పోత అంటే మా నాన్న, ఆళ్ళకు రాదా ఇంగ్లీషు, నువ్వు పోయి నేర్పుతవా అన్నడు. అందుకని డేటాల చేరిన. ఈడ పాత పుస్తకాలుంటయంటే వచ్చిన.”

“ఇక్కడ చదవకూడదమ్మా. ఫొటోలే తియ్యాలి.”

“సరే సార్” అంది. అలా అన్న తీరులోనే తెలిసింది, చదువుతుందని.

చదవడమే కాదు, పైకి చదివేది. గొంతు తగ్గించి, పెదాలు కదుపుతూ, ఆ కాలపు అడ్డదిడ్డపు రాతను కూడబలుక్కుంటూ. గ్రంథాలయంలో మౌనం పాటించాలని రెండుసార్లు గుర్తు చేశాను. “కళ్ళతోని చదివితే అర్థం కాదు సార్, చెవికి పడాలె” అంది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా నా చెవిన ఏమీ పడలేదు కాబట్టి వాదించలేదు.

ఒక అక్టోబరు ఉదయం ఫాదరీ గారి పుస్తకం ఆమె చేతికి వచ్చింది. ప్రసంగాల ఫొటోలు తీస్తుందనుకున్నాను. ముందుగా వెనక్కి తిప్పింది. అదేమని అడిగితే, “నోట్‌బుక్ ఎవరిదైనా ఎనక పేజీలే చూడాలె సార్. ముందట సారు చెప్పింది ఉంటది. ఎనక మనం రాసుకున్నది ఉంటది” అంది. మన దేశంలో కాలేజీకి వెళ్ళిన ఎవరికైనా తెలిసిన సంగతే. నా డిగ్రీ నోట్‌బుక్కుల వెనక పేజీల్లో ఏముండేవో నాకూ తెలుసు. ఇక్కడికొచ్చాక మరిచిపోయాను.

పదినిమిషాల తరవాత ఆమె గొంతు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. మళ్ళీ ఆగింది.

“సార్, ఇది చిట్కా కాదు.”

“ఏమిటది?”

“గుడ్డ మీది మరక పోగొట్టే పద్ధతి అని రాసింది పైన. కానీ పాదం చివరికొచ్చేసరికి ఒకే ధ్వని వస్తున్నది సార్, వరసగ. లైన్లు విరగ్గొట్టలేదు, అంతే. ఇది పద్యం.”

అది నాలుగోది. నేను మూసేసిన పేజీకి తరవాతి పేజీ.

ఆ పద్యంలో ఏముందో నా మాటల్లో చెబుతాను. ఒక చిన్న చొక్కా ఉంది, దాని మీద పాల మరక ఉంది. ఏ నీళ్ళలో ఎంతసేపు నానబెట్టాలో వరసగా చెప్పుకుంటూ వస్తుంది, అచ్చం చిట్కాలాగే. చివరికి వచ్చేసరికి, వీటిలో ఏదీ చెయ్యవద్దు, మరకను అలాగే ఉంచి చొక్కా మడిచి పెట్టె అడుగున పెట్టు, దాన్ని తొడుక్కునేవాడు ఇక అడగడు అంటుంది. గ్రంథాలయం మౌన నియమం ఆ రోజు సరిగ్గా అమలయింది.

డిసెంబరు లోపల ఆ అమ్మాయి పంతొమ్మిది పద్యాలు బయటికి తీసింది. అన్నీ వంటకాల పేర్ల కిందే దాక్కున్నాయి. ఆ రోజుల్లో ఇంగ్లండులో చదువుకున్న ఆడవాళ్ళు రాసేవారు కానీ, పేరు అచ్చులో కనబడటం వీధి మధ్యలో నిలబడినట్టే అనుకునేవారు. అందుకని చేతిరాతలోనే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పంపుకునేవారు. ఈ పుస్తకంలో ఏడో పద్యం పక్కన వేరే చేతిరాతలో రెండు మాటలున్నాయి: చదివాను, నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను అని. పదకొండో దాని కింద మూడో చెయ్యి ఏకంగా జవాబు పద్యమే రాసింది.

“వాట్సాప్ గ్రూప్ లెక్క నడిపిన్రు సార్” అంది ఆ అమ్మాయి. “మొగోళ్ళను మాత్రం యాడ్ చెయ్యలే.”

చివరి ఆకు మీద, చాలా చిన్న అక్షరాలతో ఆమె పేరుంది. ఫాదరీ గారి భార్యగా కాదు, పుట్టింటి పేరుతో. ఆ సాయంత్రం ఆ అమ్మాయి నన్ను మొదటిసారి “అంకుల్” అంది. “అంకుల్, డేటా వదిలేస్త. ఇక్కడే ఇంగ్లీష్ ఎం.ఏ.కి అప్లై చేస్త. దీని మీదనే వ్యాసం రాసి పెడత. ఇది నేను కనిపెట్టిన అంటే తీసుకుంటరు గదా?”

“ఎందుకు తీసుకోరు?” అన్నాను.

ఇక్కడిదాకా నేను మంచివాణ్ణే. పద్యాల్లో తెలియని మాటలకు అర్థాలు వెతికిపెట్టాను. ఆమె వ్యాసం రెండుసార్లు చదివి కామాలు సరిచేశాను. ఒక్క విషయం మాత్రం చూసీ చూడనట్టు వదిలేశాను. విద్యార్థులకు సొంత లాగిన్ ఇవ్వరు. ఆమె ఎత్తిరాసిన పద్యాలు, గమనికలు అన్నీ నా లాగిన్‌లో, నా పేరు మీద భద్రంగా ఉన్నాయి.

సంగతి మా విభాగం హెడ్‌కు తెలిసింది. ఆవిడ సంతోషించి మీటింగు పెట్టింది. దానికి ఇంగ్లీషు శాఖ ప్రొఫెసర్ గారు కూడా వచ్చారు. ఆ కాలపు మరుగున పడిన రచయిత్రులను వెలికితీయడమే ఆవిడ జీవితకాలపు పని. పేర్లు లేకుండా పోయిన ఆడవాళ్ళ గురించి ఆవిడ మాట్లాడితే గట్టి మనుషులు కూడా కళ్ళు తుడుచుకుంటారు. ఏప్రిల్‌లో ప్రదర్శన పెట్టాలన్నారు. అప్పుడు హెడ్ అడిగింది, “అసలు ఇది ఎలా బయటపడింది?”

నేను జూన్‌లో రిటైరవుతున్నాను. ఆ అమ్మాయి కనిపెట్టిందంటే, తరవాతి ప్రశ్న ఇన్నాళ్ళూ దాన్ని చూడకుండా వదిలేసింది ఎవరు అన్నది. దానికి జవాబు కేటలాగ్ వివరం కింద నా పొడి అక్షరాల్లో ఉంది. ముప్ఫై రెండేళ్ళపాటు ఈ ప్రొఫెసర్ గారి లాంటివాళ్ళు వెతుకుతున్న మనిషిని పులిహోర డబ్బా కోసం మూసిపెట్టింది నేను.

“పాత వివరాలు సరిచూస్తుంటే బయటపడింది” అన్నాను.

చూడండి, ఇందులో అబద్ధం లేదు. ఎవరు సరిచూస్తున్నారో వాళ్ళు అడగలేదు. తలలూపారు. ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగి, “మీలాంటి జాగ్రత్త గల మనుషులు లేకపోతే మా పని ఉండేదే కాదు” అన్నారు. నేను వినయంగా కిందికి చూశాను. వినయానికి అంత దగ్గరగా ఉండే ముఖకవళిక ఇంకొకటి ఉందని ఆవిడకు తెలియదు.

ప్రదర్శన కోసం లేబుల్ రాసిందీ నేనే. ఆ అమ్మాయి అది చదివింది.

“నా పేరు లేదు గదా అంకుల్.”

“లేబుల్ మీద ఎవరి పేరూ రాయరమ్మా. నా పేరు కూడా లేదు చూడు. ఇక్కడి పద్ధతి.”

“సరే అంకుల్. వ్యాసంల ఉంది గదా, చాలు” అంది.

నిజంగానే పద్ధతి అది. నేను బాగా నమ్మకంగా చెప్పగలిగింది కూడా అందుకే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ప్రొఫెసర్ గారి నుంచి మెయిల్ వచ్చింది. ఎం.ఏ. ప్రవేశాల కమిటీలో ఆవిడ ఉన్నారు. మీ దగ్గర పనిచేసే విద్యార్థిని ఈ పద్యాలను తానే కనుగొన్నట్టు వ్యాసంలో రాసింది, మీరు మీటింగులో చెప్పినదానికీ దీనికీ పొంతన కుదరడం లేదు, ఇది సరైనదేనా, ఒక మాట చెప్పండి. అంతే ఆ మెయిల్. అవుననే ఒక్క మాట రాస్తే సరిపోయేది.

ఆ జవాబు రాయడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. కావాలంటే అవుననడానికి నాలుగు సెకన్లు పట్టేది. కానీ అవునంటే, పాత వివరం తప్పని, ఆ తప్పు నాదని, మీటింగులో మింగేశానని ఇప్పుడు చెప్పాలి. వీడ్కోలు విందుకు హాలు అప్పటికే బుక్ చేశారు. చివరికి రెండు వాక్యాలు రాశాను. ఆ విద్యార్థిని ఈ పనిలో ఎంతో శ్రద్ధగా సహాయం చేసింది. సేకరణలోని పుస్తకాల వివరాలకు బాధ్యత గ్రంథాలయ సిబ్బందిది.

రెండూ నిజాలే. మళ్ళీ చదువుకుని, ఒక కామా సరిచేసి పంపాను.

మార్చిలో ఆమెకు సీటు లేదని ఉత్తరం వచ్చింది. అలాంటి ఉత్తరాల్లో కారణాలు రాయరు, కానీ ప్రొఫెసర్ గారు ఆమెను పిలిచి, అమ్మా, ఇతరుల పనిని మన పనిగా చెప్పుకోకూడదు, ఇది నీకు ముందుముందు పనికొస్తుందని చెబుతున్నాను అని మెత్తగా మందలించారట. ఆ అమ్మాయి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడమ్ నన్ను దొంగ అన్నది అంకుల్. ఆ మాట అనలే, కానీ అదే అన్నది. మీరు ఒక్క మాట చెప్తే అయిపోతది. ఇంకా వెయిటింగ్ లిస్ట్ ఉన్నది.”

“కనుక్కుంటాను” అన్నాను.

ఈ దేశంలో ముప్ఫై నాలుగేళ్ళున్నా, కనుక్కుంటాను అనే మాటను నేను మరిచిపోలేదు. మన ఊళ్ళో ఏ గుమాస్తా అయినా గర్వపడేలా అన్నాను. ఆమె రోజూ వచ్చి పని చేసుకుని వెళ్ళేది. పైకి చదవడం మానేసింది. మౌనం గురించి ఇక గుర్తు చెయ్యవలసిన అవసరం రాలేదు. ఏప్రిల్ చివర్లో ఆమె ఉద్యోగం గడువు ముగిసింది. వెళ్ళేరోజు “వస్త సార్” అంది. అంకుల్ అనలేదు.

జూన్‌లో విందు జరిగింది, మొక్క ఇచ్చారు, ఒక్క తప్పు లేని కార్డు చదివి వినిపించారు. జూలైలో, పెన్షను కాగితాలన్నీ చేతికొచ్చాక, నేను ధైర్యవంతుణ్ణయ్యాను. ప్రొఫెసర్ గారికి రెండు పేజీల ఉత్తరం రాశాను. మూడు వంటకాలు, పులిహోర, వెనక పేజీలు, పైకి చదవడం, అన్నీ. పుస్తకాన్ని పోగొట్టింది నేను, కనిపెట్టింది ఆ అమ్మాయి, అబద్ధం ఆడింది ఎవరూ కాదు, నిజం చెప్పనిది మాత్రం నేను అని రాశాను. నా జీవితంలో అంత తిన్నగా ఎప్పుడూ రాయలేదు.

ఆవిడ వెంటనే జవాబిచ్చారు. చాలా ఆప్యాయంగా. ఈ ఏడు ప్రవేశాలు పూర్తయిపోయాయని, అయినా మీ భాషకు చెందిన ఒక అమ్మాయి కోసం మీ పేరునే తగ్గించుకోవడానికి సిద్ధపడ్డ మీ పెద్ద మనసు తనను కదిలించిందని రాశారు. మీరు ఎప్పుడూ ఇలాగే ఉండేవారు అని కూడా.

అది చదివి నవ్వొచ్చింది. నిజం దాచినప్పుడు నన్ను జాగ్రత్తపరుడన్నారు. చెప్పినప్పుడు దయగలవాడన్నారు. రెండుసార్లూ ఆ అమ్మాయి అక్కడ లేనే లేదు. మళ్ళీ రాశాను. దానికి ఒక పూలగుత్తి బొమ్మతో, ఆరోగ్యం జాగ్రత్త అని వచ్చింది.

ఇప్పుడు కేటలాగ్‌లో ఆ పుస్తకం వివరం మారింది. ఫాదరీ గారి పేరు రెండో స్థానానికి వెళ్ళింది, మొదట ఆమె పేరుంది, పుట్టింటి పేరుతో. ప్రొఫెసర్ గారు పెద్ద వ్యాసం అచ్చు వేయించారు, చివర గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పారు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి మనిషికి న్యాయం చెయ్యడం సులువు. ఆవిడ పర్మిట్ తేదీ గురించి అడగదు.

అనలిటిక్స్ కోర్సు పూర్తిచేసి ఆ అమ్మాయి కాల్గరీ వెళ్ళింది. ఒక ఆయిల్ కంపెనీ ఆఫీసులో, తవ్విన బావుల లెక్కలు చూస్తుందట. ఇదంతా రాద్దామనుకున్నప్పుడు ఆమె నంబరు సంపాదించి, పోయిన వారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. గుర్తుపట్టింది. బాగున్నారా అని అడిగింది, ఆంటీ బాగున్నారా అని అడిగింది. ఉద్యోగం ఎలా ఉందని అడిగితే “జీతం మంచిగనే ఉన్నది” అంది. పాత పుస్తకాలు ఏమైనా చదువుతున్నావా అని అడిగాను. వెనక ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్న శబ్దం కాసేపు వినబడింది.

“లే” అంది.

క్షమించమన్నాను. పులిహోర కోసం మూసిన పేజీ నుంచి ప్రొఫెసర్ గారికి పంపిన రెండు వాక్యాల దాకా అన్నీ చెప్పాను. జరిగిందంతా ఉన్నదున్నట్టు తెలుగులో రాస్తున్నానని, నా తప్పు ఎక్కడా దాచుకోవడం లేదని చెప్పాను. చర్చి ఫాదరీ గారి భార్య పేరు కూడా రాయడం లేదు, ఇలాంటి జ్ఞాపకాల్లో ఎవరి పేర్లూ రాయకపోవడం మర్యాద, నీకు కూడా ఇబ్బంది ఉండదు అన్నాను.

“అప్పుడు నా పేరు రాస్తే మీ తప్పు బయటపడుతదని రాయలే” అంది. “ఇప్పుడు ఆ తప్పు మీరే రాస్తున్నరు గదా సార్. ఇంక నా పేరుకు ఏం అడ్డమొచ్చింది?”